హిజ్ర్ లోయలో ఒక బావి

ఉమ్రా యాత్రకు బయలుదేరే మన కుటుంబాలలో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తున్నది. "మదీనాలో కొన్ని రోజులు ఉంటాం కదా, ఒక రోజు తీరిక చేసుకుని మదాయిన్ సాలిహ్ చూసి రావచ్చా?" గల్ఫ్ దేశాలలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు సెలవు దినాలలో కార్లు వేసుకుని అక్కడికి వెళ్ళి, ఎర్రని కొండల ముందు నిలబడి దిగిన ఫొటోలు ఇంటికి పంపుతున్నారు. సౌదీ అరేబియా 2019లో పర్యాటక వీసాల ద్వారం తెరిచిన తరువాత ఆ దారి ఇంకా సులువయింది. చూసి వచ్చినవారు అక్కడి అందాన్ని వర్ణిస్తారు. ఇంట్లో ఉన్న పెద్దవారు మాత్రం, "అది శాపగ్రస్తమైన చోటు, అక్కడికి విహారానికి వెళ్తారా?" అని నొచ్చుకుంటారు.

ఇద్దరి మాటలోనూ నిజమున్నది. అందుచేత "వెళ్ళవచ్చు" అనో, "వెళ్ళకూడదు" అనో ఒక్క ముక్కలో తేల్చే ముందు ఆ లోయ ఏమిటో, అక్కడ ఏముందో, మన ప్రవక్త (స) ఆ దారిన వెళ్ళినప్పుడు ఏం చేశారో నిదానంగా తెలుసుకోవడం మేలు.

నీరు చెక్కిన లోయ

మదీనాకు ఉత్తరాన మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో అల్ ఉలా పట్టణం ఉన్నది. అక్కడి నుండి మరో ఇరవై కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్తే హిజ్ర్ వస్తుంది. దానినే మదాయిన్ సాలిహ్, అంటే సాలిహ్ నగరాలు అని పిలుస్తారు. పూర్వం ఈ ప్రాంతాన్ని వాదీ అల్ ఖురా, ఊళ్ళ లోయ, అనేవారు. ఇరువైపులా నిట్టనిలువుగా లేచిన ఇసుకరాతి కొండలు, వాటి నడుమ సన్నగా సాగిపోయే లోయ, ఆ లోయ అడుగున ఖర్జూర తోటలు. తోటలు దాటి నాలుగడుగులు వేస్తే ఎడారి.

ఇసుకరాయి అంటే పేరులో ఉన్నట్టే ఇసుక గట్టిపడి రాయిగా మారినది. భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం ఇక్కడి రాయి వయస్సు సుమారు 50 కోట్ల సంవత్సరాలు. ఇసుక రేణువులను పట్టి ఉంచిన ఇనుప తుప్పు వల్ల దానికి ఆ ఎరుపు, పసుపు ఛాయలు వచ్చాయి. నల్లరాయితో పోలిస్తే ఇది మెత్తన. ఉలికి లొంగుతుంది. గాలికీ, ఉప్పుకూ, నీటికీ కూడా లొంగుతుంది. సంవత్సరానికి 100 మిల్లీమీటర్ల వాన కూడా పడని ఆ చోట ఇంతటి లోయను తొలిచింది ముఖ్యంగా నీరే అంటే నమ్మడం కష్టం. అయితే ఎడారి వాన మన వానలా రోజుల తరబడి కురవదు. ఎప్పుడో ఒకసారి కుండపోతగా కురిసి, పట్టుకోవడానికి చెట్టూ మట్టీ లేని కొండల మీదుగా ఒక్కసారిగా వరదై దూకుతుంది. కొన్ని గంటల్లో అంతా ఇంకిపోయి మళ్ళీ ఎండుతుంది. అలా ఇంకిన నీరు లోయ అడుగున నిలుస్తుంది కనుకనే అక్కడ బావి తవ్వితే నీరు పడింది, ఖర్జూరం పెరిగింది, మనుషులు నిలిచారు. ఒక్క హిజ్ర్ ఆవరణలోనే పురావస్తు శాస్త్రజ్ఞులు సుమారు 130 ప్రాచీన బావులను గుర్తించారు.

అంటే ఆ లోయలో రాయికి కొరత లేదు. కొరతంతా నీటికే. నీరు ఎవరిది, ఎవరికి ఎప్పుడు, ఎంత అన్నదే అక్కడ బతుకు. ఈ మాట గుర్తుంచుకుని ఖుర్ఆన్‌లోని సమూద్ జాతి వృత్తాంతాన్ని మళ్ళీ చదివితే అది మరింత స్పష్టంగా అర్థమవుతుంది.

ఒక రోజు మీది, ఒక రోజు దానిది

దివ్య ఖుర్ఆన్‌లో సమూద్ జాతి ప్రస్తావన అనేక చోట్ల వస్తుంది. అల్ ఫజ్ర్ సూరా వారిని లోయలో బండరాళ్ళను తొలిచినవారిగా గుర్తుచేస్తుంది. అల్ హిజ్ర్ సూరాకు ఆ పేరు వచ్చింది ఈ చోటు నుండే. వారు నేర్పరులు. అష్షుఅరా సూరా వారి సంపదను ఒక్కొక్కటిగా పేర్కొంటుంది: తోటలు, ఊటలు, పైర్లు, లేత గెలలు వేసిన ఖర్జూరాలు, కొండలలో నైపుణ్యంగా తొలుచుకున్న ఇళ్ళు. వారిలో ఒకరైన హజ్రత్ సాలిహ్ (అ) వారి వద్దకు ప్రవక్తగా వచ్చి, అల్లాహ్‌ను మాత్రమే ఆరాధించండి, భూమిలో కల్లోలం రేపకండి అని చెప్పారు.

వారికి ఇవ్వబడిన నిదర్శనం ఒక ఆడ ఒంటె. దానితోపాటు వచ్చిన పరీక్ష ఏమిటో గమనించండి. వారిని కొండలు మోయమనలేదు, సంపదంతా వదులుకోమనలేదు. నీటిలో వంతు ఇవ్వమన్నారు, అంతే. ఒక రోజు ఒంటె తాగుతుంది, ఒక నియమిత దినాన మీరు తాగండి. అల్ ఖమర్ సూరాలో కూడా నీరు వారి మధ్య పంచబడిందని, ప్రతి ఒక్కరూ తమ వంతుకు రావాలని వివరణ ఉన్నది. తమది కాని ఒక మూగజీవి దాహం తీర్చుకుంటుంటే ఆ ఒక్క రోజు ఆగగలరా? ఇదే వారికి పెట్టిన పరీక్ష.

ఆగలేకపోయారు. తమలో ఒకడిని పిలిచారు. వాడు ఒంటెను పడగొట్టి చంపాడు. చేసిన చేయి ఒక్కటే అయినా, చంపిన పనిని ఖుర్ఆన్ ఆ జాతి మొత్తానికి ఆపాదించింది. ఎందుకంటే పిలిచినవారు కొందరు, చూసి ఊరుకున్నవారు కొందరు, లోలోపల సంతోషించినవారు కొందరు. ఆ నగరంలో కల్లోలం రేపేవారు తొమ్మిది మంది ఉండేవారని అన్నమ్ల్ సూరా చెబుతున్నది. తొమ్మిది మంది పెద్ద సంఖ్య కాదు. మిగిలిన ఊరంతా నోరు మూసుకుంటే తొమ్మిది మంది చాలు. మూడు రోజుల గడువు తరువాత విపత్తు వచ్చింది. వారు సంపాదించుకున్నదేదీ వారికి అక్కరకు రాలేదని అల్ హిజ్ర్ సూరా ఆ ప్రస్తావనను ముగిస్తుంది.

నేడు కనిపించే కట్టడాలు ఎవరివి?

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. నేడు హిజ్ర్‌కు వెళ్ళినవారికి కొండల ముఖాన చెక్కిన ఎత్తైన ద్వారాలు కనిపిస్తాయి. వాటిని చూపి, "ఇవే సమూద్ జాతి ఇళ్ళు" అని చెప్పేవారు ఉన్నారు. అయితే వాటిలో చాలావాటి మీద శాసనాలున్నాయి. ఆ శాసనాలు చెప్పేదేమిటంటే అవి ఇళ్ళు కావు, సమాధులు, చెక్కించినవారు నబతీయులు. నేటి జోర్డాన్‌లోని పెట్రా రాజధానిగా సుగంధ ద్రవ్యాల వ్యాపారం సాగించిన అరబ్బు జాతి అది. హిజ్ర్ వారి రాజ్యానికి దక్షిణాన ఉన్న ముఖ్య పట్టణం. తేదీలు ఉన్న ఆ శాసనాలు క్రీస్తుపూర్వం 1 నుండి క్రీస్తుశకం 75 మధ్యకాలం నాటివి. సమూద్ పేరు అంతకు చాలా ముందే, క్రీస్తుపూర్వం ఎనిమిదవ శతాబ్దంలో అస్సీరియా రాజు రెండవ సర్గోన్ శాసనాలలో కనిపిస్తుంది.

దీనివల్ల విశ్వాసికి కలవరం కలగనవసరం లేదు. ఖుర్ఆన్ చెప్పిన సత్యం ఫలానా ద్వారం మీదనో, ఫలానా గుహ మీదనో ఆధారపడి లేదు. ఒక లోయలో ఒక జాతి తరువాత మరొక జాతి వచ్చి నివసించడం సహజమే. మన పిల్లలకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. రేపు వారు బడిలోనో, పుస్తకంలోనో వేరుగా చదివినప్పుడు తల్లిదండ్రుల మాట మీద సందేహం కలగకూడదు.

ఆ సమాధులు మొత్తం 111. వాటిలో 94 అలంకరణతో ఉన్నాయి. 2008లో యునెస్కో ఈ స్థలాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సౌదీ అరేబియాలో ఆ గుర్తింపు పొందిన మొదటి స్థలం ఇదే. శిల్పులు పైనుండి కిందికి చెక్కుతూ వచ్చారు. ఈ సంగతి ఖస్ర్ అల్ ఫరీద్ అనే ఒంటరి బండ దగ్గర బాగా తెలుస్తుంది. ఇరవై మీటర్లకు పైగా ఎత్తున్న ఆ బండ మీద పైభాగం నునుపుగా, గీత గీసినట్టు ఉంటుంది. కిందికి వచ్చేసరికి ఉలి దెబ్బలు మొరటుగా మిగిలిపోయాయి. పని పూర్తి కానే లేదు. లిహ్యాన్ అనే వ్యక్తి పేరు మాత్రం దాని మీద ఉన్నది.

శాసనాలలో రాసినది చాలావరకు ఆస్తి వ్యవహారమే. ఈ సమాధి ఎవరిది, ఇందులో ఎవరెవరిని ఉంచవచ్చు, దీనిని అమ్మినా, కుదువపెట్టినా, పరాయివారిని ఇందులో ఉంచినా ఎంత జరిమానా, ఏ దేవత శాపం తగులుతుంది అన్నదే ఆ రాతల సారాంశం. చనిపోయిన తరువాత కూడా "ఇది నాది" అన్న మాట చెరిగిపోకుండా ఉండాలని వారి తాపత్రయం. నేడు ఆ గదులన్నీ ఖాళీ. ఏ సొంతదారూ అక్కడ లేడు.

అన్నీ అటువంటివే కావు. క్రీస్తుశకం 267 నాటి ఒక శాసనంలో కఅబ్ అనే కుమారుడు, హిజ్ర్‌లో మరణించిన తన తల్లి రఖూష్ కోసం ఈ సమాధి చేయించానని రాయించాడు. అరబీ భాషకు దొరికిన అత్యంత ప్రాచీనమైన ఆధారాలలో అది ఒకటి. పదిహేడు శతాబ్దాల తరువాత కూడా తల్లి పేరు నిలబెట్టిన కొడుకు మాట మనసును తాకుతుంది.

ఆవరణకు ఈశాన్యాన జబల్ ఇస్లిబ్ అనే కొండల గుంపు ఉన్నది. రెండు నిలువు బండల నడుమ సుమారు నలభై మీటర్ల పొడవున ఒక ఇరుకు గండి. అందులో నడుస్తుంటే పైన ఆకాశం సన్నని పట్టీలా కనిపిస్తుంది. గండి ముఖద్వారం దగ్గర బండలో తొలిచిన విశాలమైన గది ఉన్నది, దానిని దివాన్ అంటారు. నబతీయులు అక్కడ గుంపుగా కూర్చుని విందులు చేసుకునేవారు. గండి గోడలలో చిన్న చిన్న గూళ్ళు చెక్కి, వాటిలో రాతి దిమ్మెలను దేవతలుగా నిలిపారు. ముఖం లేని ఆ దిమ్మెలు నేటికీ ఉన్నాయి, మొక్కేవారు లేరు.

పారబోసిన నీళ్ళు, ఒంటెలకు పెట్టిన పిండి

హిజ్రీ 9వ సంవత్సరంలో దైవప్రవక్త (స) తబూక్ దండయాత్రకు ఈ దారినే వెళ్ళారు. వేసవి మండిపోతున్న కాలం. మదీనాలో ఖర్జూరాలు పండే రోజులు. సామగ్రి చాలక, వాహనాలు చాలక బయలుదేరిన ఆ సైన్యానికి కష్టకాల సైన్యం అన్న పేరే స్థిరపడింది. అలాంటి ప్రయాణంలో హిజ్ర్ వచ్చింది, బావులు కనిపించాయి. సహాబాలు నీళ్ళు తోడుకున్నారు, పిండి కలుపుకున్నారు.

ప్రవక్త (స) ఆ నీళ్ళు పారబోయమన్నారు. కలిపిన పిండిని తినవద్దని, ఒంటెలకు పెట్టమని చెప్పారు. సాలిహ్ (అ) వారి ఆడ ఒంటె వచ్చి తాగిన బావి నుండి మాత్రం నీరు తెచ్చుకోమన్నారు. తమకు తాము అన్యాయం చేసుకున్నవారి నివాసాలలోకి ఏడుస్తూ తప్ప ప్రవేశించవద్దని, వారికి పట్టిన గతి మీకూ పట్టవచ్చునని హెచ్చరించి, తల మీద వస్త్రం కప్పుకుని, వాహనాన్ని వేగంగా నడిపించి లోయ దాటారు. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లింలలో ఈ వృత్తాంతం ఉన్నది.

ఇందులో ప్రతి ఆజ్ఞనూ విడిగా చూడాలి. ఆకలితో ఉన్న మనిషి ముందు నుండి కలిపిన పిండి తీయించడం చిన్న మాట కాదు. అయినా ఆ పిండిని నేలపాలు చేయమనలేదు, మూగజీవాల నోటికి అందించమన్నారు. దాహంతో ఉన్నవారిని నీరు లేకుండా వదిలేయలేదు, ఫలానా బావికి వెళ్ళమన్నారు. ఆ బావి ఏది? అన్యాయానికి గురైన జీవి తాగిన బావి. దౌర్జన్యం చేసినవారి నీటికీ, దౌర్జన్యం పాలైన జీవి నీటికీ మధ్య ఆ లోయలో ఒక గీత గీసి చూపారు. ఇక "ఏడుస్తూ తప్ప" అన్న షరతు మన కాళ్ళకు కాక మన హృదయానికి పెట్టిన షరతు.

ఈ హదీసును ఆధారం చేసుకునే పండితులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. వినోదం కోసం, విహారం కోసం అసలు వెళ్ళరాదని కొందరు గట్టిగా చెబుతారు. గుణపాఠం కోసం, భయభక్తులతో, ఎక్కువసేపు నిలవకుండా వెళ్ళి రావచ్చునని మరికొందరు అంటారు. మీ ఊరి పండితుల సలహా తీసుకుని నిర్ణయించుకోండి. ఏ అభిప్రాయాన్ని తీసుకున్నా ఒక్కటి మాత్రం ఉమ్మడిగా ఉన్నది: కేరింతలతో వెళ్ళవలసిన చోటు అది కాదు.

సగం రోజు దూరంలో మరో ఊరు

ఈ వృత్తాంతాన్ని ముస్లిములు పుస్తకాలలో చదివి ఊరుకోలేదు, శతాబ్దాలపాటు ఆచరించి చూపారు. క్రీస్తుశకం 1326లో ఇబ్న్ బతూతా డమాస్కస్ నుండి హజ్ బిడారంతో కలిసి ఈ దారిన వచ్చారు. తబూక్‌కు, హిజ్ర్‌కు నడుమ ఉన్న అల్ ఉఖైదిర్ అనే లోయ గురించి ఆయన రాసిన సంగతి ఒళ్ళు జలదరింపజేస్తుంది. ఒక సంవత్సరం వడగాలికి యాత్రికుల నీళ్ళన్నీ ఇగిరిపోయాయట. ఒక్కసారి తాగే నీటి వెల వేయి దీనార్లకు చేరిందట. చివరకు అమ్మినవాడూ బతకలేదు, కొన్నవాడూ బతకలేదు. ఆ సంగతిని అక్కడి బండ మీద చెక్కి ఉంచారని ఆయన పేర్కొన్నారు.

అంతటి దారి దాటి, నాలుక పిడచకట్టుకుపోయి వచ్చిన యాత్రికులకు హిజ్ర్ బావిలో కావలసినంత నీరు కనిపించేది. అయినా ప్రవక్త (స) అడుగుజాడలలో ఎవరూ ఆ నీరు ముట్టేవారు కారని ఆయన రాశారు. అప్పటికి ప్రవక్త (స) ఆజ్ఞ ఇచ్చి ఏడు వందల సంవత్సరాలు గడిచాయి. చూసి దండించే అధికారి లేడు. దాహం మాత్రం నిజం. అయినా ఆగారు. సమూద్ జాతి ఏ ఒక్క రోజు ఆగలేకపోయిందో, అదే చోట ఈ సముదాయం తరతరాలుగా ఆగి చూపింది.

అక్కడి నుండి సగం రోజు, లేదా అంతకంటే తక్కువ ప్రయాణంలో అల్ ఉలా వచ్చేది. అది అందమైన పెద్ద ఊరనీ, ఖర్జూర తోటలూ ఊటలూ ఉన్నాయనీ, యాత్రికులు నాలుగు రోజులు ఆగి బట్టలు ఉతుక్కుని, సరుకులు సమకూర్చుకునేవారనీ ఇబ్న్ బతూతా వివరించారు. ఆ తరువాత చెప్పిన మాట ఇంకా విలువైనది. యాత్రికులు తమ వెంట ఉన్న అదనపు సామానును ఆ ఊరివారి దగ్గర అప్పగించి, అవసరమైనంత మాత్రమే తీసుకుని ముందుకు సాగేవారట. ఎందుకంటే ఆ ఊరివారు అమానతు కాపాడేవారు.

ఒకే లోయ, ఒకే ఎర్రరాయి, అవే ఊటలు. ఒక ఊరు ఒంటె వంతు నీటిని కూడా ఓర్వలేక గుణపాఠంగా మిగిలింది. మరో ఊరు పరాయివాడి మూటను పరాయివాడికి పదిలంగా తిరిగి ఇచ్చి మంచిపేరుగా మిగిలింది. ఆ మంచిపేరును ఎవరూ కొండ మీద చెక్కించలేదు. దారిన పోయిన ఒక యాత్రికుడు తన పుస్తకంలో ఒక వాక్యం రాశాడు. అది ఏడు శతాబ్దాలు దాటి మన దాకా వచ్చింది.

అల్ ఉలా పాత ఊరు మట్టి ఇటుకలతో, రాళ్ళతో ఒకదానికొకటి ఆనుకుని కట్టిన ఇళ్ళ సముదాయం. గత శతాబ్దం ఎనభైల వరకూ అక్కడ జనం నివసించారు. ఆ ఊరిలో తంతూరా అనే నీడగడియారం ఉన్నది. చలికాలం మొదలయ్యే రోజున దాని నీడ నేలలో పాతిన ఒక రాయిని తాకుతుంది. విత్తనాలు వేసే అదను అలా తెలిసేది. ఊట నీటిని తోటల మధ్య పంచుకోవడానికి కూడా రైతులు ఆ నీడనే లెక్కగా పెట్టుకునేవారు. నీడ ఇక్కడి వరకు వస్తే నీ వంతు, అది దాటితే అతని వంతు. మోటారు పంపులు వచ్చి భూగర్భజలం అడుగంటిన తరువాత పాత ఊటలు ఎండిపోయాయి. తాడు ఎంత పొడవుంటే అంత నీరు అన్న రోజుల్లో వంతు గుర్తున్నది. మీట నొక్కితే నీరు వచ్చిన రోజుల్లో వంతు మరుపుకు వచ్చింది. ఇది మనకు తెలియని కథ కాదు.

హిజ్ర్‌కు, అల్ ఉలాకు నడుమనే మరో చిన్న రాత ఉన్నది. ఎర్రని ఇసుకరాతి మీద జుహైర్ అనే వ్యక్తి తన పేరు రాసి, హజ్రత్ ఉమర్ (ర) మరణించిన కాలంలో, 24వ సంవత్సరంలో దీనిని రాశానని చెక్కాడు. తేదీ ఉన్న అతి ప్రాచీన ఇస్లామీయ శిలాలేఖనాలలో అది ఒకటి. 2003లో యునెస్కో దానిని ప్రపంచ స్మృతి జాబితాలో నమోదు చేసింది. ఖలీఫా మరణవార్త మదీనా నుండి ఆ ఎడారి దారికి చేరినప్పుడు ఒక సామాన్యుడు పొందిన దుఃఖం ఆ ఒక్క పంక్తిలో ఉన్నది. తన తోట ఇంత, తన సమాధి ఇంత అని రాయించుకోలేదు. న్యాయమూర్తి అయిన పాలకుడు పోయాడని రాసుకున్నాడు.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

వెళ్ళాలని నిశ్చయించుకున్నవారు కొన్ని విషయాలు గమనించాలి. మదీనా నుండి రానుపోను ఆరు వందల కిలోమీటర్లు దాటుతుంది. చిన్నపిల్లలతో, వృద్ధులతో ఒకే రోజులో వెళ్ళి రావాలనుకుంటే అలసట తప్ప ఏమీ మిగలదు. మస్జిదె నబవీలో దొరికే నమాజుల విలువతో ఆ రోజును తూచి చూసుకోండి. చలికాలం అనువైనది, కాని రాత్రులు గట్టిగా చలి పెడుతుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళు మీకు అవసరమనుకున్న దానికంటే ఎక్కువ తీసుకెళ్ళండి.

వాన సూచన ఉన్న రోజున ఏ ఇరుకు గండిలోకీ దిగవద్దు. మీ తల మీద ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎగువన ఎక్కడో కురిసిన వాన నిమిషాల్లో గండి నిండా వరదగా రావచ్చు. నిలువు గోడల మధ్య పరుగెత్తడానికి చోటుండదు. ఎండిన వాగులో కారు నిలపడం, అందులో పరుపులు వేసుకుని భోజనం చేయడం కూడా ప్రమాదమే.

బండల మీద ఎక్కవద్దు, పేర్లు గీయవద్దు. "జుహైర్ రాశాడు కదా, మనమూ రాద్దాం" అని పిల్లలు అనవచ్చు. ఆ రాయి ఇప్పుడు అందరి అమానతు అని వారికి చెప్పండి. అలాగే పిల్లలను భయపెట్టి ఏడిపించనవసరం లేదు. బయలుదేరే ముందు రాత్రి ఇంట్లో అష్షుఅరా సూరాలోని సమూద్ జాతి భాగాన్ని అందరూ కూర్చుని అర్థంతో చదవండి. అక్కడ ఒక నీటి సీసా పిల్లవాడి చేతికిచ్చి, "ఇది నీ వంతు. ఇందులో చెల్లికి కూడా వంతు ఉంది" అని చెప్పండి. ఆ పాఠం వాడికి ఏ పాట కంటే, ఏ ఫొటో కంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది. ఫొటోలు తీసుకోవడమే పనిగా పెట్టుకుంటే, ప్రవక్త (స) తల కప్పుకుని దాటిన చోట మనం ముఖం చూపుకోవడానికి నిలబడ్డామని అర్థం.

వెళ్ళలేనివారు

వెళ్ళే స్తోమత అందరికీ ఉండదు. వెళ్ళకపోతే లోటూ లేదు. ఆ లోయ నేర్పే రెండు విషయాలకు మన వీధి చాలు. కుళాయి దగ్గర బిందెల వరుసలో ముందున్న ముసలమ్మ వంతు ఆమెకు దక్కుతున్నదా? మన బోరు ఇంకా లోతుకు వేస్తే పక్కింటి బావి ఏమవుతుందని ఒక్కసారైనా ఆలోచించామా? గుమ్మం ముందు ఎండలో తిరిగే కుక్కకూ, పిట్టకూ ఒక మూకుడు నీళ్ళు పెడుతున్నామా? దాహంతో ఉన్న కుక్కకు నీరు తాగించినవాడికి అల్లాహ్ క్షమాభిక్ష ప్రసాదించాడని మనకు తెలిపింది మన ప్రవక్తే (స).

అమానతు సంగతీ అంతే. గల్ఫ్ నుండి సెలవుకు వచ్చే ఒకరి పెట్టెలో పది ఇళ్ళ సామాను ఉంటుంది. ఒక తల్లికి మందులు, ఒక చెల్లి పెళ్ళికి బంగారం, ఒక చిన్నవాడికి ఫోను. అన్న ఎడారిలో ఎండకు మాడి పంపిన డబ్బు ఊళ్ళో తమ్ముడి చేతిలో ఉంటుంది. విడిచి వెళ్ళిన ఇంటి తాళం పొరుగువారి దగ్గర ఉంటుంది. ఇవన్నీ అల్ ఉలా ఊరివారి దగ్గర యాత్రికులు విడిచి వెళ్ళిన మూటల్లాంటివే. తిరిగి వచ్చి అడిగేవరకు విప్పకుండా ఉంచగలిగితే, ఆ ఊరివారి సరసన మనకూ చోటున్నది.

మన చేతిలోని నీటిలో ఇతరుల వంతును గుర్తించే మనసునూ, మన దగ్గర ఉంచినదానిని ఉన్నది ఉన్నట్టు తిరిగి ఇచ్చే బలాన్నీ అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక. ఆమీన్.